మెకానిక్ లాంటివాడు

స్ప్రింగు ఎగిరింది.

అదేమీ పెన్నులో ఉండే బాపతు స్ప్రింగు కాదు. జానెడు పొడవుంది. కార్బ్యురేటర్ మూతకున్న నాలుగు స్క్రూల్లో మూడు బుద్ధిగా ఊడొచ్చాయి. నాలుగోది సగం తిరిగిందో లేదో, మూత దానంతటదే పైకి లేచింది. ఏడేళ్లుగా దాని కింద ముడుచుకుని కూర్చున్న స్ప్రింగు, ఇక ఒక్క క్షణం కూడా ఉండనన్నట్టు బాల్కనీ పిట్టగోడ దాటి కిందికి దూకేసింది.

"అమ్మో!" అని కింద ఎవరో అరిచారు.

స్క్రూడ్రైవర్ పట్టుకున్న యువకుడు చటుక్కున పిట్టగోడ వెనక చతికిలబడ్డాడు.

"పైన ఎవరండీ?" ఆడగొంతు.

అతను ఇంకాస్త వంగాడు.

"దాక్కుని లాభం లేదు. మోచెయ్యి కనిపిస్తోంది."

అతను మోచెయ్యి లోపలికి లాక్కున్నాడు. అలా లాక్కోవడమంటే దాక్కున్నానని ఒప్పుకోవడమేనని అప్పుడు వెలిగింది. చేసేదేమీ లేక లేచి మెట్లు దిగాడు.

కింది వాటాలో వీధివైపు గదిని పది రోజుల క్రితమే ఒక పళ్ల డాక్టరు అద్దెకు తీసుకుంది. ఇన్నాళ్లూ అతను ఆమె తెల్లకోటు అంచును తప్ప పూర్తిగా చూసింది లేదు. ఇప్పుడు పూర్తిగా చూశాడు. ఆమె స్టూలు మీద నిలబడి, తడిగుడ్డతో క్లినిక్ బోర్డు తుడుస్తోంది. అతని స్ప్రింగు ఆమె జడలో సగం దూరి, మిగతా సగం చెవి పక్కన ఊగుతోంది. ఎవరికైనా జుట్టులో ఇనుప ముక్క ఇంత అందంగా ఉంటుందని అతను ఎక్కడా చదవలేదు.

"ఇదేంటి?" అందామె.

"స్ప్రింగండీ."

"అది నాకూ తెలుసు. నా జడలో ఎందుకుందని."

"అదీ... టెన్షన్ ఎంతుందో చూస్తున్నానండీ."

"ఎంతుంది?"

"బాగానే ఉందండీ."

"నాకూ బోలెడుంది," అంటూ ఆమె స్టూలు దిగింది. "పది రోజుల్లో నలుగురే పేషెంట్లు. నిన్న వచ్చిన ఇద్దరూ నోరు తెరవకముందే పెట్రోలు వాసనేంటని అడిగారు. మత్తు నేనిస్తానండీ. మీరివ్వక్కర్లేదు."

"సారీ అండీ. కార్బ్యురేటర్లు క్లీన్ చేస్తున్నాను. రెండున్నాయి."

ఆమె స్ప్రింగును జడలోంచి మెల్లగా విడదీసి, వేళ్ల మధ్య ఒకసారి నొక్కి చూసి, అతని చేతుల వంక చూసింది. మోచేతుల దాకా నలుపు. ముక్కు మీద ఒక మరక. చొక్కా జేబులో మూడు స్క్రూడ్రైవర్లు, ఆపరేషన్‌కి సిద్ధమైనట్టు.

"మీరు మెకానిక్కా?"

ఆ ప్రశ్నకు రెండక్షరాల జవాబు ఉంది. కాదు. అది చెప్పేసి ఉంటే ఆ వారమంతా అతను హాయిగా నిద్రపోయేవాడు. కానీ ఆమె కళ్లలో ఏదో గౌరవంలాంటిది కనిపించింది, లేదా కనిపించిందని అతను అనుకున్నాడు.

"అలాంటిదే," అన్నాడు.

నిజానికి అతను మాన్యువల్స్ రాసేవాడు. మిక్సీ కొంటే పెట్టెలో ఒక చిన్న పుస్తకం వస్తుంది కదా, ఎవరూ చదవనిది, అది అతని రచన. వాషింగ్ మెషీన్లు, ఫ్యాన్లు, గోడ గడియారాలు కలిపి మొత్తం పదకొండు పుస్తకాలు. 'మూత తెరిచే ముందు జాగ్రత్త వహించండి' అనే వాక్యాన్ని అతను పదకొండు సార్లు రాశాడు. ఏ మూతా ఎప్పుడూ తెరవలేదు. ఇంట్లోనూ ఆఫీసులోనూ అతని పేరు మాన్యువలే.

కార్బ్యురేటర్ల గొడవ మొదలైంది భోజనాల బల్ల దగ్గర. ముప్పై ఏళ్లు బస్సు నడిపి రిటైరైన తండ్రికి ఒక పాత మోటార్‌సైకిల్ ఉంది. రెండు సిలిండర్ల బండి. మోకాలు మొరాయించిన రోజు నుంచి అది మెట్ల పక్కన రేకుల కింద టార్పాలిన్ కప్పుకుని పడుకుంది. దాన్ని ఒక పాత స్నేహితుడికి ఇచ్చేస్తున్నానని, వచ్చే ఆదివారం వచ్చి తీసుకెళ్తాడని తండ్రి ప్రకటించాడు.

"బాగు చేయిద్దాం నాన్నా. నేను నడుపుతాను."

"నువ్వా!" తండ్రి నవ్వాడు. "నువ్వు రాసినవి చూసి ఊరంతా మిషన్లు విప్పుతోంది. నువ్వెప్పుడైనా ఒక్క స్క్రూ తిప్పావురా?"

"మీరు తిప్పారా?"

"నేనెందుకు తిప్పుతాను? డిపోలో మెకానిక్కులు ఉన్నారుగా. ముప్పై ఏళ్లలో బానెట్ ఎత్తి చూడాల్సిన ఖర్మ నాకు పట్టలేదు."

"అయితే నేనే విప్పుతాను. ఇంట్లోనే. ఆదివారం లోపల స్టార్ట్ చేసి చూపిస్తాను."

అమ్మ గ్లాసు కింద పెట్టింది. "ఎక్కడ విప్పుతావో విప్పు గానీ, నా వంటింటి వైపు తీసుకురాకు," అంది.

అలా అతను ఫోన్‌లో వీడియో పెట్టుకుని, బండికి రెండు పక్కలా ఉన్న కార్బ్యురేటర్లను ఊడబెరికి, బాల్కనీలో పాత పేపర్ల మీద పరిచాడు. అడుగు గిన్నెల్లో ఏడేళ్ల నాటి పెట్రోలు బెల్లప్పాకంలా జిగురుగా మారి ఉంది. గాలి మోతాదు సరిచేసే చిన్న స్క్రూ ఎన్ని చుట్లు తిప్పితే ఊడిందో రాసుకోవాలని వీడియోలో ముసలాయన మూడుసార్లు చెప్పాడు. గుర్తుంటుందిలే అనుకున్నాడు మాన్యువల్.

స్ప్రింగు ఎగిరిన మర్నాడు, గడువుకు సరిగ్గా వారం ముందు ఆదివారం, అతను అన్ని భాగాలనూ శుభ్రం చేసే మందులో నానబెట్టాడు. అన్నిటినీ అంటే నల్లటి పల్చటి రబ్బరు పొరలను కూడా. రెండు గంటల తర్వాత చూస్తే అవి నీళ్లలో నానిన అట్టల్లా ఉబ్బి, వాటి గుంటల్లో అవే పట్టనంత పెద్దవయ్యాయి. ఇత్తడి జెట్లు మాత్రం ఎంత నానినా మూసుకునే ఉన్నాయి. జెట్టంటే వేలిగోరంత ముక్క, దాని మధ్యలో వెంట్రుక దూరేంత రంధ్రం. ఊదితే అతని చెవులు మూసుకుపోయాయి తప్ప రంధ్రం తెరుచుకోలేదు.

చివరికి అన్నీ ఒక పళ్లెంలో వేసుకుని కిందికి దిగాడు. పళ్ల డాక్టరు దగ్గర గాలి కొట్టే గొట్టం ఉంటుందని అతనికి తెలుసు. పోయినేడాది దంతం తీయించుకున్న జ్ఞాపకం అది.

క్లినిక్ ఖాళీగా ఉంది. డాక్టరు పేషెంటు కుర్చీలో తనే పడుకుని పుస్తకం చదువుకుంటోంది.

"ఏంటి, పన్ను నొప్పా?"

"నాక్కాదండీ. దీనికి."

ఆమె లేచి, గ్లవ్స్ తొడుక్కుని, జెట్టును సన్నటి పటకారుతో పట్టుకుని, కుర్చీ పైనున్న పెద్ద లైటుకు ఎదురుగా ఎత్తింది. ఒక కన్ను మూసింది. ఆ మూసిన కన్ను, తెరిచిన కన్ను రెండూ చూస్తూ నిలబడటం తప్ప అతనికి ఇంకేం చేయాలో తోచలేదు.

"వెలుతురు కనపడట్లేదు. రూట్ కెనాల్ చెయ్యాల్సిందే," అంది సీరియస్‌గా. "పిన్నుతో పొడిచారా?"

"లేదండీ. పొడుద్దామనుకుంటున్నాను."

"వద్దు. ఇత్తడి కదా, మెత్తగా ఉంటుంది. గీత పడితే రంధ్రం పెద్దదైపోతుంది... అనుకుంటా. మీకే బాగా తెలియాలి."

"అవునవును. మేం కూడా పొడవం," అన్నాడు. ఆ 'మేం' ఎవరో అతనికే తెలియదు.

ఆమె అల్ట్రాసోనిక్ తొట్టిలో మందు నీళ్లు పోసి, జెట్లు వేసి, మీట నొక్కింది. తొట్టి గుయ్యిమంది. తర్వాత గాలి గొట్టంతో ఒక్కొక్కదాన్నీ ఊది, మళ్లీ లైటుకు ఎత్తింది. "ఇప్పుడు చూడండి," అంది. అతను వంగి చూశాడు. ఇత్తడి మధ్యలో సూది మొనంత వెలుగు మెరిసింది. ఇద్దరి తలలూ కొంచెం దగ్గరగా వచ్చాయి. ఆమె వెంటనే దూరం జరగలేదని అతను ఆ రాత్రంతా లెక్కవేసుకున్నాడు.

"ఈ డబ్బాలాంటిదేంటండీ?" అని పళ్లెంలోంచి తేలికపాటి ప్లాస్టిక్ ముక్కను తీసి అడిగింది.

"దాన్ని ఫ్లోట్ అంటారు. ఇంజన్‌లో ఆయిల్ ఎంతుందో చెబుతుంది."

ఆమె పెదవి కొరుక్కుంది. "ఓహో! ఆయిలా!" అంది.

"చాలామందికి తెలియదు."

"నిజమే. నాకిప్పుడే తెలిసింది." ఆమె రబ్బరు పొరలను చూసి చటుక్కున గంభీరమైంది. "ఇవి నానబెట్టారా? మా దగ్గర కూడా ఒక్కోసారి రబ్బరు ఉబ్బుతుంది. నీడలో ఆరేస్తాం. రెండ్రోజుల్లో దానంతటదే సర్దుకుంటుంది. ఎండలో మాత్రం పెట్టకండి."

రెండ్రోజుల్లో అవి నిజంగానే సర్దుకున్నాయి. పళ్ల డాక్టర్లు ఎంత తెలివైనవాళ్లో అని అతను ఆశ్చర్యపోయాడు. అంతకంటే ముందుకు అతని ఆలోచన సాగలేదు.

బుధవారం ఉదయం ఆఫీసుకు బయల్దేరుతుంటే ఆమె తన పాత స్కూటరు పక్కన నిలబడి ఉంది.

"మెకానిక్ గారూ! ఇది స్టార్ట్ కావట్లేదు. కిక్కు కొట్టీ కొట్టీ కాలు నొప్పెడుతోంది. కాస్త చూస్తారా?"

ఇప్పుడైనా చెప్పొచ్చు. చెప్పాలనే నోరు తెరిచాడు. "సాయంత్రం చూస్తానండీ," అనే మాట బయటికొచ్చింది.

ఆఫీసులో ఆ రోజు ఇస్త్రీపెట్టె మాన్యువల్ రాయాలి. రాయలేదు. బల్ల కింద ఫోన్ పెట్టుకుని స్కూటరు కార్బ్యురేటర్ వీడియోలు ఆరు చూశాడు. అన్నిటిలోనూ మొదటి పని ఒకటే: సీటు కింద ఉండే పెట్రోలు నాబ్ కట్టేయాలి. చివరి పని కూడా ఒకటే: దాన్ని మళ్లీ తెరవాలి.

సాయంత్రం సీటెత్తి చూస్తే నాబ్ ముందే కట్టేసి ఉంది. ఎంత జాగ్రత్తగల మనిషో అని మురిసిపోయాడు.

విప్పాడు. ఈసారి మూత మీద అరచెయ్యి పెట్టి మరీ విప్పాడు. లోపల చూస్తే మురికి కాదు కదా, దుమ్ము రేణువు కూడా లేదు. కొత్త గిన్నెలా తళతళలాడుతోంది. అయినా రెండు గంటలు తుడిచాడు. తుడవడానికి ఏమీ లేని చోట తుడవడం చాలా కష్టమైన పని. ఆమె గడప మీద కూర్చుని, మోకాళ్ల చుట్టూ చేతులు వేసుకుని, కళ్లార్పకుండా చూసింది.

అన్నీ బిగించి, నాబ్ తెరిచి, ఊపిరి బిగబట్టి ఒక్క కిక్కు కొట్టాడు.

స్కూటరు స్టార్టయింది.

"అబ్బ! ఒక్క కిక్కుకే!" ఆమె చప్పట్లు కొట్టింది. "ఏంటి ప్రాబ్లమ్?"

"పైలట్ జెట్టు బ్లాక్ అయింది," అన్నాడు, నుదుటి చెమట తుడుచుకుంటూ. అతను జీవితంలో అంత గర్వంగా ఎప్పుడూ నిలబడలేదు.

అప్పుడే వాన మొదలైంది. రేకుల కింద, స్కూటరుకూ మోటార్‌సైకిల్‌కూ మధ్యనున్న రెండడుగుల చోటులో ఇద్దరూ ఇరుక్కున్నారు. ఆమె ఫ్లాస్కులోంచి టీ పోసింది. ఒకటే కప్పు ఉంది. మూత అతనికిచ్చింది.

"మీకు ఈ పనంటే ఇష్టమా?" అంది.

"చెయ్యకముందు తెలియదు," అన్నాడు. ఆ వారంలో అతను చెప్పిన మొదటి నిజం అదే. "ఒక వస్తువు ఎందుకు పనిచెయ్యట్లేదో విప్పి చూస్తే తెలుస్తుంది కదా. అది బాగుంటుంది."

ఆమె కప్పు అంచు మీద వేలు తిప్పింది. "మా నాన్నా అదే మాట..." అని మొదలుపెట్టి, ఆగి, "వాన తగ్గేలా లేదు," అంది.

వాన అప్పటికే తగ్గిపోయింది. ఇద్దరిలో ఎవరూ ఆ సంగతి గమనించినట్టు కనిపించలేదు.

శనివారం మధ్యాహ్నం కార్బ్యురేటర్లు రెండూ మళ్లీ బండికి ఎక్కాయి. తండ్రి మోకాలికి తైలం రాసుకుని కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. అమ్మ బాల్కనీలోంచి చూస్తోంది. డాక్టరు క్లినిక్ గడప మీదే ఉంది. ముందు రోజు సాయంత్రం ఊరినుంచి వచ్చిన ఆమె తండ్రి లోపల కునుకు తీస్తున్నాడు.

మాన్యువల్ చొక్కా జేబులో ఒక అగ్గిపెట్టె ఉంది. అందులో సూదిమొనలాంటి కొసతో చిన్న లోహపు ముక్క. అన్నీ బిగించాక అది మిగిలింది. కంపెనీవాళ్లు ఎక్స్‌ట్రా ఇచ్చి ఉంటారని అతను సమాధానపడ్డాడు.

పెట్రోలు ట్యాప్ తిప్పాడు. రెండు క్షణాలు నిశ్శబ్దం. తర్వాత ఎడమవైపు కార్బ్యురేటర్ కింది గొట్టంలోంచి పెట్రోలు ధారకట్టింది.

"ఒరేయ్, కారుతోందిరా!"

"నార్మలే నాన్నా. మొదట్లో అలాగే ఉంటుంది."

డాక్టరు దిగ్గున లేచింది. ఒక అడుగు ముందుకు వేసి ఆగిపోయింది. ఈలోగా క్లినిక్‌లోంచి కళ్లజోడు సర్దుకుంటూ ఒక పెద్దాయన పరుగులాంటి నడకతో వచ్చాడు.

"ట్యాప్ కట్టెయ్! ముందు ట్యాప్ కట్టెయ్యవయ్యా!" వచ్చీ రావడంతోనే బండి పక్కన గొంతుక్కూర్చుని, చెవి ఆనించినంత దగ్గరగా వంగాడు. "ఎడమదాంట్లో నీడిల్ పెట్టావా?"

"నీడిలా?"

"ఫ్లోట్ పైకి లేస్తే పెట్రోలు ఆపేది. ఇంత ఉంటుంది. కొసదేరి."

అగ్గిపెట్టె బయటికొచ్చింది. "ఇదాండీ? ఇది... ఎక్స్‌ట్రా అనుకున్నాను."

పెద్దాయన ఆ ముక్కను, అతన్ని, మళ్లీ ఆ ముక్కను చూశాడు. నలభై ఏళ్ల మెకానిక్ షెడ్డు జీవితంలో ఆయన ఆ మాట వినలేదు. కూతురివైపు తిరిగాడు.

"ఏమ్మా, నువ్విక్కడే ఉండి చూస్తూ ఊరుకున్నావా? పదేళ్ల పిల్లప్పుడే కళ్లు మూసుకుని కార్బ్యురేటర్ విప్పి బిగించేదానివి! కాలేజీ సెలవులన్నీ షెడ్డులోనేగా గడిపింది!" మళ్లీ అతనితో, "నువ్వు ఏ షెడ్డులో చేస్తావు బాబూ?"

"షెడ్డేంటండీ?" అన్నాడు బస్సు డ్రైవరు, ఎంతో సాయం చేస్తున్నవాడిలా. "మావాడు ఆఫీసులో కూర్చుని మిక్సీల పుస్తకాలు రాస్తాడు."

గొట్టంలోంచి చివరి చుక్కలు రాలాయి.

"మీకు... ముందే తెలుసా?" అన్నాడు మాన్యువల్.

"చెయ్యి అడ్డం పెట్టకుండా మూత విప్పినవాళ్లు మెకానిక్కులు కారని నాకు స్ప్రింగు పడినప్పుడే తెలుసు," అంది ఆమె నేల చూస్తూ.

"మరి మీ స్కూటరు?"

"స్కూటరుకేమైంది?" అన్నాడు పెద్దాయన. "పోయిన నెలేగా మొత్తం విప్పి సర్వీసు చేసి పంపాను."

తళతళలాడిన గిన్నె, ముందే కట్టేసి ఉన్న నాబ్, రెండూ ఒకేసారి అతని కళ్లముందు నిలిచాయి. "నాబ్ మీరే కట్టేశారా? నేను రెండు గంటలు తుడుస్తుంటే చూస్తూ కూర్చున్నారా? పైలట్ జెట్టు అన్నప్పుడు చప్పట్లు కొట్టారా?"

"మీరు మాత్రం? ఫ్లోట్ ఆయిల్ చూపిస్తుందని..."

"నేను చెప్పింది అబద్ధం. మీరు చేసింది వేళాకోళం. రెండూ ఒకటి కాదు."

ఆమె ముఖం మాడిపోయింది. అతను చేతులు కూడా కడుక్కోకుండా మెట్లెక్కాడు. సగంలో ఆగి, "నాన్నా, రేపు మీ ఫ్రెండుని వచ్చి బండి తీసుకెళ్లమనండి," అన్నాడు.

గెలిచిన తండ్రి ముఖంలో గెలుపు కనపడలేదు. "తొందరేముందిరా," అని గొణిగాడు.

గదిలో అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు. కాసేపటికి అమ్మ వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

"ఆ అమ్మాయి నవ్వలేదురా."

"ఏంటి?"

"నీ సంగతి తెలిసి అందరం నవ్వాం. మీ నాన్న, ఆ పెద్దాయన, అబద్ధమెందుకు, నేనూ కొంచెం నవ్వాను. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. నువ్వు లోపలికొచ్చాక కూడా అలాగే నిలబడి మెట్ల వంకే చూసింది." అమ్మ దుప్పటి నల్లబడటం చూసి నిట్టూర్చింది. "మీ నాన్న నీకు రాయడం తప్ప ఏదీ రాదంటాడు. పోనీ ఆ వచ్చిన పనైనా సరిగ్గా చెయ్యి."

ఆ సాయంత్రం అతను కాగితాలు ముందేసుకుని కూర్చున్నాడు. ఆదివారం పొద్దున్నే వాటిని మడిచి క్లినిక్ తలుపు సందులోంచి లోపలికి తోశాడు.

'మొదటిసారి ఇంట్లో కార్బ్యురేటర్ విప్పేవారికి సూచనలు' అని మొదలైంది.

'మూత తీసే ముందు దానిమీద అరచెయ్యి ఉంచండి. లేకపోతే స్ప్రింగు కింది వాటాలో పడుతుంది. అది ఎవరి జడలో పడుతుందో ఎవరూ చెప్పలేరు.

'స్క్రూ ఎన్ని చుట్లు తిరిగిందో రాసుకోండి. గుర్తుంటుందిలే అనుకుంటారు. గుర్తుండదు. రబ్బరును మందులో వెయ్యకండి. పని అయ్యాక ఏదైనా మిగిలితే అది ఎక్స్‌ట్రా కాదు.

'మీ పక్కన ఎవరైనా జెట్టును లైటుకు ఎత్తి, ఒక కన్ను మూసి చూస్తుంటే, మీరు జెట్టునే చూడండి. అటు చూశారంటే ఏ భాగం ఎక్కడిదో మర్చిపోతారు. నీడిల్ మిగిలిపోవడానికి అసలు కారణం ఇదే.

'మీరు మెకానిక్కా అని అడిగితే, కాదని చెప్పండి. మొదటి రోజే చెప్పండి. రోజు గడిచేకొద్దీ ఆ స్క్రూ బిగుసుకుపోతుంది.

'ఈ సూచనలు రాసినవాడు ఇదివరకు పదకొండు మాన్యువల్స్ రాశాడు. చేసి చూసి రాసింది ఇదొక్కటే. నిన్న కోపంగా మాట్లాడాడు. అందుకు సిగ్గుపడుతున్నాడు. అతనికి మీరంటే ఇష్టం. ఇది ఎలా చెప్పాలో ఏ వీడియోలోనూ లేదు.'

పావుగంటకు మెట్ల మీద అడుగుల చప్పుడైంది. తలుపు తీస్తే డాక్టరు. తెల్లకోటు లేదు. చేతిలో అతని కాగితాలు, భుజాన ఒక పాత గుడ్డసంచి. కాగితాల నిండా పెన్సిల్ గీతలు.

"తప్పులున్నాయి," అంది.

"స్పెల్లింగా?"

"చుట్ల సంగతి. రెండున్నర. ఈ బండికి రెండున్నర చుట్లు. రాసి పెట్టాను. ఇంకోటి మర్చిపోయారు, అది చివర్న చేర్చాను."

అతను చివరి పేజీ తిప్పాడు. పెన్సిల్‌తో గుండ్రటి అక్షరాలు: 'స్కూటరు స్టార్ట్ కాకపోతే ముందు నాబ్ చూడండి. కట్టేసి ఉంటే, ఎందుకు కట్టేశారో అడగండి. అడగకుండా అలిగి మేడెక్కకండి.'

"ఎందుకు కట్టేశారు?"

ఆమె గడపకు ఆనుకుంది. "కాలేజీలో నా క్లాస్‌మేట్ ఒకతను ఉండేవాడు. బాగా మాట్లాడేవాడు. ఒకరోజు రోడ్డు మీద వాళ్ల బండి ఆగిపోయింది. నేను ప్లగ్ తీసి, తుడిచి, పెట్టి స్టార్ట్ చేసిచ్చాను. అయిదు నిమిషాలు. అతని స్నేహితులంతా చూశారు. థాంక్స్ చెప్పాడు. మళ్లీ నాతో మాట్లాడలేదు." సంచి భుజం మార్చుకుంది. "మీరు అంత ఉత్సాహంగా ఫ్లోట్ గురించి చెబుతుంటే, నాకు తెలుసంటే మీరూ మళ్లీ కిందికి రారేమో అనిపించింది. బుధవారం నాటికి మీరు రావడానికి కారణాలు అయిపోయాయి. అందుకని ఒకటి తయారుచేశాను. చప్పట్లు మాత్రం నిజంగానే కొట్టాను. మీరు బిగించినది బాగానే బిగించారు."

"వేళాకోళం అన్నాను. అది తప్పు," అన్నాడతను.

"కొంచెం వేళాకోళం కూడా ఉంది," అని ఒప్పుకుంది ఆమె. "ఆయిల్ అన్నప్పుడు నవ్వాపుకోలేక చచ్చాను."

అప్పుడతనికీ నవ్వొచ్చింది. ఆ నవ్వు విని కింది నుంచి తండ్రి గొంతు వినిపించింది. ఫోన్‌లో ఎవరితోనో, "లేదులే, ఇవాళ రావద్దు. ఇంట్లో వాళ్లే ఏదో చూస్తున్నారు... అబ్బే, ఇవ్వడం సంగతి తర్వాత," అంటున్నాడు.

ఇద్దరూ బండి దగ్గరికి దిగారు. గుడ్డసంచిలో పానాలున్నాయి. షెడ్డులో వాడి వాడి అరిగినవి. ఎడమ కార్బ్యురేటర్ దిగింది. అడుగు గిన్నె ఊడింది. నీడిల్‌ను ఫ్లోట్‌కు తగిలించి ఎలా దించాలో ఆమె చూపించింది. ఆ తర్వాత పానా అతని చేతికిచ్చి వెనక్కి కూర్చుంది.

"మీరు చెయ్యరా?"

"నేను చేస్తే అయిదు నిమిషాలు. మీరు చెయ్యండి."

అతను చేశాడు. గాలి స్క్రూను అడుగు దాకా బిగించి, అక్కణ్నుంచి వెనక్కి తిప్పుతూ పైకే లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, అర. గిన్నెను అడుగున పెట్టి బిగించబోతుంటే దాని అంచు రబ్బరు సీలు పక్కకు జారింది.

"అటు కాదు, ఇటు చెయ్యి పెట్టు. గట్టిగా పట్టుకో!" అందామె.

అండీలు ఎక్కడ రాలిపోయాయో ఇద్దరూ వెతకలేదు. అతను గట్టిగా పట్టుకున్నాడు. సీలు మీద అతని వేలు, అతని వేలి మీద ఆమె వేలు. సీలు కూర్చున్నాక కూడా కాసేపు ఎవరూ తియ్యలేదు. పైనుంచి అమ్మ దగ్గింది.

ట్యాప్ తిప్పారు. ఒక్క చుక్క కారలేదు.

మొదటి కిక్కుకు ఏమీ కాలేదు. రెండోదానికి బండి గురకపెట్టింది. అయిదోదానికి వెనక గొట్టాల్లోంచి తెల్లటి పొగ గుప్పుమని, ఒక సిలిండరు, తర్వాత రెండోది అందుకుని, ఏడేళ్ల నిద్ర వదిలించుకుంటూ బండి లేచింది. వీధిలో పోతున్నవాళ్లు ఆగి చూశారు. బస్సు డ్రైవరు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు, మోకాలి సంగతి మర్చిపోయి. కొడుకు భుజం మీద ఒక దెబ్బ వేశాడు. ఏదో అనబోయి, "పొగ ఎక్కువగా ఉంది," అన్నాడు. గొంతు మాత్రం వేరే ఏదో అంది.

పెద్దాయన ఇంజన్ పక్కన నిలబడి కళ్లు మూసుకున్నాడు. పొగ తగ్గింది. చప్పుడు కుదుటపడింది. రెండు సిలిండర్లూ ఒకే మాటగా, ఎక్కడా తడబడకుండా, మెత్తగా తిరుగుతున్నాయి. కొత్త బండి కూడా అంత నిలకడగా తిరగదు. ఆయన కళ్లు తెరిచి, నూనె మరకలున్న తన కూతురి ముఖాన్ని చూశాడు. పక్కనే అలాంటి మరకలతోనే ఉన్న కుర్రవాడిని చూశాడు.

"ఊహూఁ," అని తల అడ్డంగా ఊపాడు. "ఐడ్లింగ్ బాలేదు."

"అయ్యో, అవునా?" అన్నాడు బస్సు డ్రైవరు.

"రెండు కార్బ్యురేటర్లూ ఒక దారికి రాలేదు. ఇది ఒకరోజుతో అయ్యే పని కాదు. రోజూ సాయంత్రం ఇద్దరూ కూర్చుని చూసుకోవాలి. ఒకటి తను, ఒకటి నువ్వు."

"ఎన్నాళ్లు పడుతుందంటారు?" అని అమ్మ పైనుంచి అడిగింది. ఆవిడ ముఖంలో నవ్వు ఆగట్లేదు.

"ఎలా చెప్పగలం అమ్మా? కొన్నిటికి ఏళ్లు పడుతుంది. నేనొచ్చినప్పుడల్లా విని చెబుతాను."

మాన్యువల్ ఇంజన్‌కు చెవి దగ్గరగా పెట్టి విన్నాడు. వారం రోజులుగా అబద్ధాలాడి, నిన్నటికి నిన్న పట్టుబడి, ఇవాళ పొద్దున్నే నిజం చెప్పడం మొదలుపెట్టినవాడు. ఆ ఉత్సాహంలో ఉన్నాడు.

"అదేంటండీ, నాకు మాత్రం చాలా బాగా తిరుగుతున్నట్టు..."

డాక్టరు అతని కాలు తొక్కింది. గట్టిగానే తొక్కింది.

అతను ఆమె వంక చూశాడు. ఆమె మాత్రం ఇంజన్ వంకే చూస్తోంది, ఎంతో దిగులుగా, పుచ్చిన పన్నును చూసినట్టు.

"అవునండీ," అన్నాడతను పెద్దాయనతో. "వింటుంటే నాకూ తెలుస్తోంది. అస్సలు బాలేదు."